రోడ్డు సైకిల్ సీటు స్థానం: ఒక కొలత చరిత్ర

1.0 పరిచయం

చరిత్ర పాఠ్యపుస్తకంలో సైకిల్ సీటుకు చోటేమిటని మీకు అనిపించవచ్చు. యంత్రాల చరిత్రను మనం సాధారణంగా ఆవిష్కర్తల పేర్లతో, సంవత్సరాలతో చదువుతాం. ఆ యంత్రం మీద రోజూ కూర్చున్న మనిషి మోకాలు ఏమైంది, నడుము ఏమైంది అన్న ప్రశ్న వేయడం అరుదు. ఈ పాఠంలో ఆ ప్రశ్ననే వేద్దాం.

ముందుగా ఒక చిన్న లెక్క చూడండి. రోడ్డు పందెంలో పాల్గొనే వ్యక్తి నిమిషానికి సుమారు 90 సార్లు పెడల్ తిప్పుతాడు. అయిదు గంటల పందెంలో అది 27,000 సార్లు అవుతుంది. మోకాలు ప్రతిసారీ అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువ ముడుచుకున్నా, కొంచెం ఎక్కువ సాగినా ఆ కొంచెం 27,000 రెట్లు అవుతుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. మరీ పైకి ఉంటే పెడల్ అందుకోవడానికి తుంటి అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక నరాలు లాగుతాయి. అందుకే అయిదారు మిల్లీమీటర్ల తేడా గురించి కూడా మనుషులు వందేళ్లకు పైగా వాదించుకున్నారు.

సీటు స్థానం అన్నప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి ఎత్తు. రెండోది క్రాంకు ఇరుసుకు సీటు ఎంత వెనక ఉందన్నది. మూడోది సీటు ముక్కు పైకి ఉందా, కిందికి వాలిందా అన్నది. ఈ మూడింటిలో ఎత్తుకే ఎక్కువ చరిత్ర ఉంది. అయితే చివరిదైన వాలు గురించే ఈ మధ్య పెద్ద పోరాటం జరిగింది.

1.1 నేల నుంచి కొలిచిన కాలం

1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే వ్యక్తి రెండు చక్రాల కొయ్యబండి ఎక్కి ష్వెట్సింగెన్ వైపు బయలుదేరాడు. ఆ బండికి పెడళ్లు లేవు. రెండు కాళ్లతో నేలను తంతూ పరుగెత్తినట్టే దాన్ని నడపాలి. అంటే సీటు ఎత్తును నిర్ణయించేది నేల. కూర్చున్న మనిషి పాదాలు నేలకు ఆనాలి, తన్నడానికి మోకాలు కాస్త వంగే వీలుండాలి. అందరి కాళ్లూ ఒకే పొడవు ఉండవని డ్రైస్‌కు తెలుసు. కాబట్టి సీటును పైకీ కిందికీ మార్చుకునే ఏర్పాటు ఆ తొలి బండికే ఉంది. సైకిల్‌కు పెడల్ కన్నా ముందే సర్దుకునే సీటు వచ్చిందన్నమాట.

1860లలో పారిస్‌లో మిషో సంస్థ ముందు చక్రం ఇరుసుకే పెడళ్లు బిగించిన బండ్లను అమ్మింది. పాదాలు నేలను వదిలాయి. సీటును పొడవాటి ఇనుప పట్టీ మీద అమర్చారు. రాళ్లు పరిచిన వీధుల మీద ఆ బండ్లు ఎముకలు కదిలేలా కుదిపేవి కాబట్టి అప్పటి ధ్యాసంతా ఆ కుదుపు తగ్గించడం మీదే ఉండేది.

1.2 చక్రమే కాలికి కొలత

తర్వాతి దశ విచిత్రమైనది. పెడల్ నేరుగా చక్రానికి ఉన్నప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక చుట్టే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. 1870లలో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ తదితరులు ముందు చక్రాన్ని పెంచుకుంటూ పోయారు. 54 అంగుళాల వ్యాసం ఉన్న చక్రం ఒక చుట్టుకు సుమారు 4.3 మీటర్లు పోతుంది. అంతకన్నా పెద్ద చక్రం ఎందుకు పెట్టుకోకూడదు? కాలు అందదు, అంతే. మనిషి చక్రం మీదే కూర్చుంటాడు కాబట్టి కాలి పొడవే చక్రానికి పరిమితి అయింది.

ఇక్కడ మీరు గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ బండిలో సీటు సర్దుకునే అవకాశం దాదాపు లేదు. కొనేటప్పుడే మీ కాలికి తగిన చక్రాన్ని ఎంచుకోవాలి. పొడవు కాళ్లవాడికి పెద్ద చక్రం, అంటే ఎక్కువ వేగం. పొట్టివాడు ఎంత బలశాలి అయినా చిన్న చక్రంతోనే సరిపెట్టుకోవాలి. శరీరం పుట్టుకతో తెచ్చుకున్న కొలతే పందెంలో స్థానాన్ని చాలావరకు నిర్ణయించింది. పైగా సీటు ముందు చక్రం ఇరుసుకు దాదాపు నేరుగా పైన ఉండటంతో చిన్న రాయి తగిలినా మనిషి హ్యాండిల్ మీదుగా తలకిందులుగా పడేవాడు. సీటును వెనక్కి జరిపితే పడే ప్రమాదం తగ్గుతుంది, కానీ పెడల్ దూరమవుతుంది. సీటు ముందుకా వెనక్కా అన్న వాదానికి మొదలు ఇక్కడే ఉంది. అప్పట్లో అది ప్రాణానికి సంబంధించిన విషయం.

ఇంగ్లీషు కొలతలు వాడే దేశాల్లో గేరును ఇప్పటికీ అంగుళాల్లో చెప్పే అలవాటు ఉంది. 70 అంగుళాల గేరు అంటే 70 అంగుళాల పెద్ద చక్రం తొక్కినంత అని అర్థం. ఆ చక్రాలు పోయినా లెక్క మాత్రం మిగిలింది.

1.3 కవెంట్రీలో వచ్చిన మార్పు

జేమ్స్ స్టార్లీ తమ్ముడి కొడుకో అన్న కొడుకో అన్న చర్చ మనకు అక్కర్లేదు. అదే కుటుంబానికి చెందిన జాన్ కెంప్ స్టార్లీ 1885లో కవెంట్రీ నగరంలో రోవర్ అనే సైకిల్‌ను తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం. పెడళ్లు మధ్యలో ఉంటాయి, గొలుసు వెనక చక్రాన్ని తిప్పుతుంది. దీన్ని పాఠ్యపుస్తకాలు సాధారణంగా 'సురక్షిత సైకిల్' అని వర్ణించి వదిలేస్తాయి. భద్రత నిజమే. కానీ ఈ పాఠం దృష్టితో చూస్తే రోవర్ చేసిన పని వేరే ఉంది. చక్రం పరిమాణానికీ, కాలి పొడవుకూ ఉన్న ముడిని అది విప్పేసింది. వేగం సంగతి గొలుసు పళ్లు చూసుకుంటాయి. ఇక సీటును మనిషికి తగినట్టు ఎక్కడైనా పెట్టవచ్చు.

ఇది యాదృచ్ఛికంగా జరగలేదు. 1898లో లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో ప్రసంగిస్తూ స్టార్లీ తన ఆలోచనను వరుసగా వివరించాడు. మనిషిని నేల నుంచి తగిన దూరంలో ఉంచాలి. పెడళ్లకు సంబంధించి సీటు సరైన చోట ఉండాలి. ఆ సీటును పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలుండాలి. తక్కువ అలసటతో ఎక్కువ బలం పెడల్ మీద పడేలా హ్యాండిల్ కూడా సర్దుకునేలా ఉండాలి. రోడ్డు సైకిల్ మీద సీటు అమర్చేవారు నేటికీ పాటిస్తున్న క్రమం దాదాపు ఇదే. ఆయన ముందుగా మనిషిని ఊహించుకున్నాడు, తర్వాత ఆ మనిషి చుట్టూ ఇనుప గొట్టాలు గీశాడు. నా దృష్టిలో గొలుసు కన్నా ఇదే ఆయన చేసిన పెద్ద పని.

కొలత మొదలయ్యే చోటు కూడా మారింది. డ్రైస్ నేల నుంచి కొలిచాడు. రోవర్ తర్వాత కొలత పెడల్ నుంచి మొదలైంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. పెడల్‌కు తగినట్టు సీటు పెడితే కూర్చున్నచోటి నుంచి పాదం నేలకు సరిగా ఆనదు. ఆగినప్పుడల్లా సీటు దిగాలి. నేలకు ఆనేలా పెడితే తొక్కేటప్పుడు మోకాలు మరీ ముడుచుకుంటుంది.

మన ఊళ్లలో ఈ పేచీని ఏ వైపుకు తీర్చుకున్నారో మీకు తెలుసు. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్, 1956లో లూధియానాలో మొదలైన హీరో వంటి సంస్థలు ఇంగ్లీషు రోడ్‌స్టర్ నమూనాలోనే బండ్లు తయారుచేశాయి. వాటి సీటు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది, హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది. పాల క్యాన్లు కట్టుకున్నవాడికి, వెనక మనిషిని ఎక్కించుకున్నవాడికి సందులో ఆగినప్పుడు కాలు నేలకు ఆనడమే ముఖ్యం. అందుకే సీటు కిందికి దించి తొక్కుతారు. రోడ్డు పందెం సైకిల్ కొలతలతో చూసి దాన్ని తప్పనడం సరికాదు. వాళ్ల అవసరం వేరు. సీటే అందని పిల్లలు కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం కూడా ఈ చరిత్రలో భాగమే. సీటు లేకుండా సైకిల్ నడిపిన తరాలు మన దగ్గర చాలా ఉన్నాయి.

1.4 తోలు సీటు, వైద్యుల సలహాలు

సీటు ఎక్కడ ఉండాలన్నదానితో పాటు ఎలా ఉండాలన్న ప్రశ్న కూడా వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో గుర్రపు సామాను చేసే జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1882లో సైకిల్ సీటుకు పేటెంటు తీసుకున్నాడు. ఇనుప చట్రం మీద మందపాటి తోలును సాగదీసి బిగించడం ఆ పద్ధతి. వాడగా వాడగా కూర్చునేవారి ఎముకల అచ్చు తోలు మీద పడుతుంది.

1890లలో యూరప్‌లోనూ, అమెరికాలోనూ సైకిల్ మోజు పెరిగింది. స్త్రీలు పెద్ద సంఖ్యలో తొక్కడం మొదలుపెట్టారు. అమెరికన్ సంస్కర్త ఫ్రాన్సిస్ విలార్డ్ 53 ఏళ్ల వయసులో సైకిల్ నేర్చుకుని, ఆ అనుభవం మీద 1895లో పుస్తకమే రాసింది. అదే సమయంలో కొందరు వైద్యులు సీటు ముక్కు స్త్రీల ఆరోగ్యానికీ, నడవడికీ కూడా హాని చేస్తుందని హెచ్చరికలు రాశారు. ఆ రాతల్లో రెండు విషయాలు కలగాపులగమై ఉన్నాయి. సీటు మృదువైన భాగాలను నొక్కి బాధ పెడుతుందన్నది నిజమైన ఫిర్యాదు. స్త్రీ తన ఇష్టప్రకారం ఇల్లు దాటి పోతోందన్న కలవరం రెండోది. చరిత్ర విద్యార్థిగా మీరు ఈ రెండింటినీ విడదీసి చదవాలి. భయాన్ని చూసి నవ్వుకోవడం తేలిక. ఆ నవ్వులో అసలు నొప్పి కూడా కొట్టుకుపోయింది. వ్యాపారులు మాత్రం వెంటనే స్పందించారు. ముక్కు లేని సీట్లు, మధ్యలో ఖాళీ వదిలిన సీట్లు, రెండు మెత్తలుగా చీలిన సీట్లు అప్పుడే అంగడికి వచ్చాయి. మధ్యలో గాడి ఉన్న నేటి సీట్లను కొత్త ఆవిష్కరణ అనుకునేవారు ఆ కాలపు ప్రకటనలు ఒకసారి చూడాలి.

1.5 పందెంగాళ్ల రివాజు

1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలైంది. ఆ తర్వాత సుమారు అరవై ఏళ్ల పాటు సీటు స్థానం గురువు నుంచి శిష్యుడికి నోటిమాటగా అందిన విద్య. పాత ఫోటోలు చూడండి. ఫ్రేములు పెద్దవి. సీటు రాడ్డు ఫ్రేములోంచి గుప్పెడు మేరకే బయటికి కనిపిస్తుంది. మట్టిరోడ్ల మీద కుదుపు తట్టుకోవడానికి సీటు గొట్టాన్ని వెనక్కి వాల్చేవారు.

అందరికీ తెలిసిన పద్ధతి మడమ పద్ధతి. సీటు మీద తిన్నగా కూర్చుని, పెడల్‌ను కిందికి తెచ్చి, దాని మీద మడమ ఆనించాలి. కాలు నిటారుగా సాగితే ఎత్తు సరిపోయినట్టు. తొక్కేటప్పుడు మడమ కాక పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు దానంతటదే కాస్త వంగుతుంది. టేపు అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. సైకిల్ దుకాణాల్లో ఇది నేటికీ మొదటి అంచనాగా పనికొస్తుంది. మరో నాటు పద్ధతి కూడా ఉంది: సీటును చంకలో పెట్టుకుని చేయి చాచితే వేలికొసలు క్రాంకు ఇరుసుకు తగలాలి. చేతికీ కాలికీ నిష్పత్తి అందరిలో ఒకేలా ఉండదు కనుక దీన్ని అంతగా నమ్మలేం.

సీటు బిగించే పరికరం కూడా ఆలోచనను అదుపు చేసింది. పాత బిగింపులో పళ్లు ఉండేవి. వాలు మార్చాలంటే ఒక పన్ను నుంచి మరో పన్నుకు దూకాల్సిందే. మధ్యలో ఆగడం కుదరదు. 1950లలో ఇటలీకి చెందిన కాంపన్యోలో సంస్థ రెండు బోల్టుల సీటు రాడ్డును తెచ్చింది. ఒక బోల్టు వదులు చేసి మరొకటి బిగిస్తే సీటు వాలు వెంట్రుకవాసి కూడా మార్చవచ్చు. అంత సన్నని తేడాను సర్దగలిగినప్పుడే దాని గురించి పట్టించుకోవడమూ మొదలవుతుంది.

1.6 ఎడ్డీ మెర్క్స్ తాళంచెవి

1969 జులైలో బెల్జియంకు చెందిన ఎడ్డీ మెర్క్స్ తన మొదటి టూర్ డి ఫ్రాన్స్‌ను దాదాపు 18 నిమిషాల తేడాతో గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబరు 9న ఫ్రాన్స్‌లోని బ్లువా పట్టణపు ట్రాక్ మీద చిన్న మోటారు బండ్ల వెనక పరుగెత్తే పోటీలో పాల్గొన్నాడు. ఒక బండి అదుపు తప్పింది. మెర్క్స్‌కు ముందు బండి నడుపుతున్న ఫెర్నాన్ వాంబ్స్ట్ చనిపోయాడు. మెర్క్స్ తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పాడు. వెన్నుకూ కటికీ గాయాలయ్యాయి.

ఆ తర్వాత ఆయన మరో నాలుగు టూర్లు గెలిచాడు. 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పాడు. విజయాల జాబితా మాత్రమే చూస్తే బ్లువా ప్రమాదం ఆయనను ఏమీ చేయలేదనిపిస్తుంది. కానీ కటి ఎముక వంకర తిరిగిన మనిషికి సీటు ఏ ఎత్తులోనూ కుదరలేదు. జేబులో చిన్న పానా పెట్టుకుని, పందెం నడుస్తుండగానే సీటును పైకీ కిందికీ మార్చుకోవడం ఆయనకు అలవాటైంది. కొద్ది మిల్లీమీటర్ల తేడాతో ఎన్నో ఫ్రేములు చేయించుకున్నాడు. చాలామంది దీన్ని గొప్పవాడి చాదస్తంగా చెప్పుకుంటారు. చాదస్తం కాదు, నొప్పి. 'సరైన ఎత్తు' అనే ఒకే ఒక అంకె ఉంటుందన్న నమ్మకానికి ఇంతకన్నా మంచి ఎదురు ఉదాహరణ దొరకదు. రెండు వైపులా సమానంగా లేని శరీరానికి ఒక వైపు సరిపోయిన ఎత్తు రెండో వైపు సరిపోదు.

1.7 ప్రయోగశాలలో పుట్టిన అంకెలు

ఆ నమ్మకానికి బలం ఇచ్చిన పరిశోధన మెర్క్స్ ప్రమాదానికి రెండేళ్ల ముందే వచ్చింది. 1967లో ఇంగ్లండులో హామ్లీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు కదలని సైకిల్ మీద మనుషులతో తొక్కించి, ఏ ఎత్తులో ఎక్కువ శక్తి వస్తుందో కొలిచారు. కాలి లోపలి పొడవును 100 అనుకుంటే, కిందికి ఉన్న పెడల్ ఇరుసు నుంచి సీటు పైభాగం వరకు 109 ఉన్నప్పుడు ఫలితం బాగుందని తేల్చారు. 109 శాతం సూత్రం అలా పుట్టింది. వారు పరీక్షించినది కొద్దిసేపు గట్టిగా తొక్కే పనిని అని మరిచిపోవద్దు. అయిదు గంటలు తొక్కినప్పుడు మోకాలికి ఏమవుతుందన్నది వేరే ప్రశ్న.

1977లో నార్డీన్-స్నైడర్ అనే పరిశోధకురాలు మరోలా ఆలోచించింది. ఎంత బలం వస్తుందన్నది కాక, ఒకే పనికి శరీరం ఎంత ఆక్సిజన్ ఖర్చు చేస్తుందో చూసింది. తుంటి పక్కన చేతికి తగిలే ఎముక గుబ్బ నుంచి కాలి పొడవు కొలిచి, అందులో 95, 100, 105 శాతం ఎత్తుల్లో సీటు పెట్టి తొక్కించింది. 100 శాతం దగ్గర ఖర్చు తక్కువగా ఉంది. లోపలి కాలి పొడవు లెక్కలో అది సుమారు 107 శాతం అవుతుంది. ఆమె పరీక్షకు తీసుకున్నవారు స్త్రీలు. సైకిల్ శాస్త్రంలో ఇది ఆ రోజుల్లో అంత మామూలు విషయం కాదు.

మూడో అంకె పందెం రంగం నుంచి వచ్చింది. ఫ్రెంచి జట్టు నిర్వాహకుడు సిరిల్ గిమార్ దగ్గర బెర్నార్ ఇనో, గ్రెగ్ లెమాండ్ తయారయ్యారు. లెమాండ్ 1987లో వెలువరించిన పుస్తకం ద్వారా ఆ జట్టు సూత్రం లోకానికి తెలిసింది. లోపలి కాలి పొడవును 0.883తో గుణించాలి. వచ్చినంత ఎత్తులో, క్రాంకు ఇరుసు నుంచి సీటు పైభాగం ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడండి. గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు ఒత్తినంతగా పైకి నొక్కి పట్టండి. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు ఎంత ఉందో సెంటీమీటర్లలో మరొకరి చేత కొలిపించండి. రెండు సూత్రాలతోనూ లెక్క కట్టండి. 109 శాతం లెక్కలోంచి క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లు తీసేస్తే రెండూ ఒకే చోటి నుంచి కొలిచినట్టవుతుంది. తర్వాతి పేరా చదవకముందే చేయండి.

మీ కొలత 80 సెంటీమీటర్లు అనుకుందాం. మొదటి సూత్రం ప్రకారం 87.2లోంచి 17 పోగా 70.2. రెండోదాని ప్రకారం 70.6. తేడా నాలుగు మిల్లీమీటర్లే. బాగా కలిశాయి కదా అనిపిస్తుంది. ఇప్పుడు 70 సెంటీమీటర్ల కాలు తీసుకోండి. మొదటిది 59.3 అంటుంది, రెండోది 61.8. తేడా రెండున్నర సెంటీమీటర్లు! 90 సెంటీమీటర్ల కాలికి వరుసగా 81.1, 79.5 వస్తాయి, ఇక్కడ మొదటి సూత్రమే ఎక్కువ చెబుతోంది. రెండు సూత్రాలూ సరిగ్గా కలిసేది 82 సెంటీమీటర్ల దగ్గర మాత్రమే. అంటే సగటు ఎత్తున్న యూరోపియన్ పురుషుడి దగ్గర. రెండో సూత్రం క్రాంకు పొడవును లెక్కలోకే తీసుకోలేదు. దాని చుట్టూ ఉన్న పందెంగాళ్లందరి క్రాంకులూ దాదాపు ఒకే పొడవు కాబట్టి ఆ అవసరం కనిపించలేదు. పొట్టి కాళ్లున్నవారు, అంటే చాలామంది స్త్రీలు, మనలో చాలామంది పురుషులు కూడా, ఆ సూత్రాన్ని గుడ్డిగా పాటిస్తే సీటు మరీ పైకి పోవచ్చు.

దీనికి తోడు 1980ల మధ్యలో పెడల్ కూడా మారింది. ఫ్రెంచి సంస్థ లుక్ తయారుచేసిన పెడల్‌కు బూటు నేరుగా తగులుకుని బిగుసుకుంటుంది. ఇనో 1985లో దానితోనే టూర్ గెలిచాడు. పూర్వం తోలు పట్టీలో పాదం కాస్త జరిగి తనకు తాను సర్దుకునేది. బూటు బిగుసుకున్నాక ఆ సర్దుబాటు తగ్గింది, సీటు కొలతలో పొరపాటు ఏదున్నా మోకాలే మోయవలసి వచ్చింది. క్రీడా వైద్యులు అంకెల సూత్రాలను పక్కనపెట్టి మోకాలి కోణం చూడటం మొదలుపెట్టింది ఈ కాలంలోనే. పెడల్ అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు మోకాలు పూర్తిగా సాగకుండా 25 నుంచి 35 డిగ్రీల వంపు ఉండాలని 1990లలో వారు సూచించారు. ఇక్కడ కొలిచేది సైకిల్‌ను కాదు, మనిషిని.

1.8 ముందుకా, వెనక్కా

ఎత్తు మార్చినప్పుడల్లా తెలియకుండానే మరో కొలత కూడా మారుతుంది. రోడ్డు సైకిల్ సీటు గొట్టం సుమారు 73 డిగ్రీలు వాలి ఉంటుంది. సీటు ఒక సెంటీమీటరు పైకి లేపితే అది దాదాపు మూడు మిల్లీమీటర్లు వెనక్కి కూడా పోతుంది.

సీటు ఎంత వెనక ఉండాలన్నదానికి క్లబ్బుల్లో స్థిరపడిన పద్ధతి ఇది: క్రాంకులు నేలకు సమాంతరంగా ఉంచి, ముందు మోకాలి చిప్ప కింది నుంచి బరువు కట్టిన దారం వదలాలి. అది పెడల్ ఇరుసు మీదుగా పోవాలి. 1972లో ఇటాలియన్ ఒలింపిక్ సంఘం క్రీడా పాఠశాల వెలువరించిన సైక్లింగ్ పుస్తకం వంటివి ఇలాంటి కొలతలను ప్రపంచమంతటికీ అందించాయి. అమెరికన్ సైకిల్ తయారీదారు కీత్ బాంట్రేజర్ దీన్ని ఒక వ్యాసంలో తోసిపుచ్చాడు. వెనక్కి ఆనుకుని, కాళ్లు ముందుకు చాచి తొక్కే సైకిళ్లు ఉన్నాయి; వాటిలో దారం పెడల్ దరిదాపులకు కూడా రాదు, అయినా మనుషులు చక్కగా తొక్కుతున్నారని గుర్తుచేశాడు. సీటును వెనక్కి పెట్టడానికి అసలు కారణం శరీరం బరువును సమతూకంగా నిలపడమని, చేతుల మీద భారం పడకుండా చూడటమని ఆయన వాదన. దారం పద్ధతి మొదటి అంచనాగా పనిచేస్తుంది, దాని వెనక భౌతిక సూత్రం మాత్రం లేదు. బాంట్రేజర్ వాదనే నాకు బలంగా కనిపిస్తుంది. అయినా చాలా దుకాణాల్లో నేటికీ దారమే వేలాడుతోంది.

1.9 నిబంధనల చేతిలో సీటు

1993 జులై 17న నార్వేలోని హామార్ ట్రాక్ మీద స్కాట్లండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కాడు. సైకిల్ తనే చేసుకున్నాడు. అందులో బట్టలు ఉతికే యంత్రం నుంచి తీసిన బేరింగులు కూడా ఉన్నాయి. చేతులను ఛాతీ కిందికి మడిచి, శరీరమంతా ముందుకు జరిపి తొక్కడం ఆయన పద్ధతి. ఆరు రోజుల్లోనే క్రిస్ బోర్డ్‌మన్ ఆ రికార్డును దాటాడు. 1994లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఓబ్రీ భంగిమను నిషేధించింది. చేతులు ముందుకు చాచే మరో భంగిమను ఓబ్రీ తెచ్చాడు. 1996లో బోర్డ్‌మన్ ఆ రెండో భంగిమతోనే 56.375 కిలోమీటర్లు చేరాడు. దాన్నీ తర్వాత ఆపేశారు.

సమాఖ్య 1996 అక్టోబరులో లుగానోలో ప్రకటించిన పత్రంలో యంత్రం కన్నా మనిషే ముఖ్యమని చెప్పింది. పాత పద్ధతి సైకిల్ మీద, మెర్క్స్ కాలపు భంగిమలో తొక్కినప్పుడు అదే బోర్డ్‌మన్ 2000లో 49.441 కిలోమీటర్లు వెళ్లాడు. మెర్క్స్ కన్నా సరిగ్గా పది మీటర్లు ఎక్కువ. ఒకే మనిషి, నాలుగేళ్ల తేడా, దాదాపు ఏడు కిలోమీటర్ల తగ్గుదల. వయసు, సామగ్రి వాటా కొంత ఉన్నా, కూర్చునే తీరు విలువ ఎంతో ఈ అంకెలు చూపిస్తాయి.

రోడ్డు సైకిళ్లకు కూడా ఆ దృక్పథంతోనే నియమాలు వచ్చాయి. సీటు ముక్కు క్రాంకు ఇరుసుకు కనీసం 5 సెంటీమీటర్లు వెనక ఉండాలన్న నిబంధన చాలాకాలం నడిచింది. పొట్టివారికి ఇది ఇబ్బంది కాబట్టి శరీర కొలతలను బట్టి మినహాయింపు అడగవలసి వచ్చేది. మనిషే ముఖ్యమన్న సంస్థ ఆ మనిషిని మినహాయింపుగా చూడటంలోని వైరుధ్యం మీకు తోచే ఉంటుంది.

వాలు విషయంలో నియమం ఇంకా కఠినంగా ఉండేది. సీటు నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. హ్యాండిల్ బాగా కిందికి పెట్టుకుని వంగి తొక్కే పోటీల్లో కటి ముందుకు ఒరుగుతుంది, ముక్కు మృదువైన భాగాల్లోకి దిగుతుంది. స్త్రీ క్రీడాకారులకు పుండ్లు, వాపులు మామూలైపోయాయి. చాలామంది సిగ్గుతో బయటికి చెప్పుకోలేదు; కొందరు శస్త్రచికిత్స దాకా వెళ్లారు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు బ్రిటిష్ సైక్లింగ్ వైద్య సిబ్బంది ఈ గాయాలను అధ్యయనం చేసి, ఆధారాలను సమాఖ్య ముందుంచారు. సీటు ముక్కును కొన్ని డిగ్రీలు కిందికి వాల్చుకుంటే బాధ తగ్గుతుందని చూపించారు. 2016లో నియమాన్ని సడలించి, 9 డిగ్రీల వరకు వాలును అనుమతించారు. 1890లలో స్త్రీలు చెప్పుకున్న నొప్పికి నిబంధనల పుస్తకంలో చోటు దొరకడానికి 120 ఏళ్లు పట్టింది.